గుమ్మము బయట నిలుచుట

పాఠ్యభాగము: ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము, 6, 10–13 వచనములు



ఆదివారపు ఆరాధన ముగిసి అందరు వెళ్లిన తరువాత ఒకరిద్దరు వెనుక నిలిచిపోవుట మనకు తెలిసినదే. వారి మనస్సులో ఏదో బరువు ఉండును. అట్లు నిలిచినవారు మమ్మును మెల్లని స్వరముతో అడిగిన ప్రశ్నలలో ఇది ఒకటి: "అయ్యగారూ, మా ఇంట్ల కిరాయికున్నాయన నెలల నుంచి పైసలిస్తలేడు. ఖాళీ చేయుమంటే చేస్తలేడు. నేను యేసుప్రభువును నమ్మినదాన్ని. ఆయన్ని ఎల్లగొట్టచ్చునా, వద్దా?"

ఈ ప్రశ్న అడుగువారు మేడలుగలవారే అనుకొనవద్దు. మా గ్రామము వికారాబాదు వైపున ఉన్నది. మా సంఘస్థులలో కొందరు బ్రదుకుదెరువునకై హైదరాబాదు వెళ్లి, ఆబిడ్స్ దుకాణములలో పనిచేయుచు, నాంపల్లి సందులలో ఒక గది అద్దెకు తీసికొని కాపురముందురు. మరికొందరు ఒకప్పుడు అక్కడ ఉద్యోగము చేసి, చెమటోడ్చి రెండు గదుల ఇల్లు సంపాదించి, ముసలితనమున ఊరికి తిరిగి వచ్చి, ఆ రెండు గదుల అద్దెమీద బ్రదుకుచున్నారు. ఒకే బల్లయొద్ద రొట్టె తీసికొను చేతులలో అద్దె పుచ్చుకొను చేయియు ఉన్నది, అద్దె ఇచ్చుకొను చేయియు ఉన్నది. కాబట్టి బోధకుడు ఒకరి ముఖము చూచి మాత్రమే మాటలాడుటకు వీలులేదు. దేవుని వాక్యము ఇద్దరితోను ఏమి చెప్పుచున్నదో చూచుకొనవలసినదే.

మనము చదివిన భాగములో మోషే అప్పిచ్చినవానికి ఒక విచిత్రమైన కట్టడ విధించెను. పొరుగువాడు నీకు బాకీపడియున్నాడు. నీవు తాకట్టు పుచ్చుకొనుటకు వెళ్లితివి. వెళ్లుట తప్పు కాదు. అయితే వాని ఇంటిలోనికి నీవు జొరబడరాదు. గుమ్మము బయటనే నిలువవలెను. ఇయ్యవలసినది ఆ మనిషియే లోపలినుండి తెచ్చి నీ చేతికియ్యవలెను. వాడు బీదవాడై తాను కప్పుకొను వస్త్రమునే తెచ్చి ఇచ్చినయెడల, ప్రొద్దు గ్రుంకకముందే దానిని తిరిగి ఇచ్చివేయవలెను. ఇంకను, తిరుగటినిగాని తిరుగటి పైరాతినిగాని తాకట్టుగా పట్టరాదనియు అదే అధ్యాయము చెప్పుచున్నది. ఏలయనగా తిరుగలి పోయిన ఇంటిలో ఆ రాత్రికి పిండి ఉండదు. తిరుగలిని పట్టుట ప్రాణమును పట్టుటయే.

ఈ వాక్యములో మూడు సంగతులు కనబడుచున్నవి. బాకీ నిజమే. అడుగుట న్యాయమే. గాని గుమ్మము దాటరాదు. ఈ మూడును ఒకచోట ఉంచుకొననివారు ఎట్లు తప్పుదురో మేము పుస్తకములలో నేర్చుకొనలేదు. మేమే తప్పి నేర్చుకొంటిమి. ఆ సంగతి దాచక చెప్పెదము.

మా సంఘములో విధవరాలైన ఒక సహోదరి కలదు. ఆమె భర్త రైల్వేలో పనిచేసి, నాంపల్లి స్టేషనుకు నడిచిపోవు దూరములో ఒక సందులో రెండు గదుల ఇల్లు సంపాదించి చనిపోయెను. ఆ ఇల్లు నెలకు 3,000 రూపాయలకు ఒక దర్జీకి ఇచ్చియుండిరి. అతడు ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణమునకు కుట్టుపని చేయువాడు. ఇంటిలోను ఒక మిషను ఉండెను. అనేక సంవత్సరములు అతడు నెల తప్పక అద్దె ఇచ్చినవాడే. 2020 మార్చిలో దేశమంతట లాక్‌డౌన్ వచ్చెను. దుకాణములు మూతపడెను, పెండ్లిండ్లు ఆగెను, కుట్టుపని నిలిచెను. అద్దెయు నిలిచెను. ఆ సంవత్సరము ఏప్రిల్‌లో మన రాష్ట్ర ప్రభుత్వము, ఇండ్ల యజమానులు మార్చి మొదలు మూడు నెలల అద్దెను వాయిదా వేయవలెననియు, తరువాత దానిని వడ్డీ లేకుండ కొంచెము కొంచెముగా తీసికొనవలెననియు చెప్పెను. మూడు నెలలు గడచెను. ఆరు నెలలు గడచెను. డిసెంబరు ముగియునప్పటికి 10 నెలల అద్దె, అనగా 30,000 రూపాయలు నిలిచిపోయెను. ఫోను చేసినయెడల అతడు ఎత్తుట మానెను.

ఆమె మాయొద్దకు వచ్చి కన్నీళ్లతో చెప్పినప్పుడు, మేము సెమినరీలో నేర్చినదంతయు ఒక్క ఊపిరిలో బోధించితిమి. "అమ్మా, ప్రభువు ఏడు మారులు మాత్రమే గాక డెబ్బది ఏళ్ల మారులు క్షమించుమన్నాడు. బీదవాడు కదా, విడిచిపెట్టుము" అని చెప్పితిమి. ఆమె కొంగుతో కండ్లు తుడుచుకొని మమ్మును చూచి ఇట్లనెను: "అయ్యగారూ, మాఫీ చేయుమని చెప్పుట మీకు అల్కగనే ఉన్నది. నా బీపీ గోలీలు ఎవరి పైసలతోని కొనాలె? మీ జీతంల నుంచి కొంటరా?"

ఆ మాటకు మాయొద్ద జవాబు లేకపోయెను. ఇతరుల సంచిలోనుండి దానము చేయుట ఎంత సులభము! ఆమె మందుల ఖర్చును మేము ఒక వచనముతో చెల్లించి, దయగలవారమని తృప్తిపడితిమి. దేవుడు విధవరాండ్ర పక్షమున మాటలాడువాడని చెప్పు నోటితోనే విధవరాలి సొమ్ము వదలుకొమ్మంటిమి.

ఇక్కడ మొదటి సంగతి నేర్చుకొందము. బాకీ నిజమైనది. ఎవనికి ఏది చెల్లింపవలెనో అది వానికి చెల్లింపుడని పౌలు రోమా సంఘమునకు వ్రాసెను. పన్నునకును సుంకమునకును ఆ మాట చెప్పి, వెంటనే ప్రేమ తప్ప మరి ఏ అప్పును మీమీద ఉంచుకొనవద్దనెను. అట్లు వ్రాసిన పౌలు తానే తరువాత అదే రోమాలో కిరాయిదారుడాయెను. అపొస్తలుల కార్యముల గ్రంథము చివర చూడుడి: రెండు సంవత్సరములు నిండ ఆయన తన అద్దె ఇంటిలో కాపురముండి, తనయొద్దకు వచ్చువారినందరిని చేర్చుకొని దేవుని రాజ్యమును బోధించెను. ఆ ఇంటి యజమాని ఎవరో లేఖనము చెప్పదు. గాని ఆ గుమ్మమునొద్ద సువార్త వినుటకు వచ్చిన జనముతోపాటు అద్దె అడుగుటకు వచ్చిన యజమానియు నిలిచియుండిన, సువార్తకు ఎంత అవమానము! కిరాయికున్న సహోదరుడా, నీ గోడమీద వాక్యపు క్యాలెండరు వ్రేలాడుచుండగా నీ ఇంటి యజమాని నీ పేరు చెప్పి నిట్టూర్చుచున్నాడా? నీవు చెల్లింపగలిగియు చెల్లింపని అద్దె పొరుగువానినుండి తీసికొన్న సొమ్మే. భక్తిహీనుడు అప్పు చేసి తీర్చకయుండునని 37వ కీర్తన చెప్పుచున్నది. ఆ జాబితాలో మన పేరు ఉండకూడదు.

యజమాని అద్దె అడుగుట, అడిగినను ఇయ్యనివానిని ఖాళీ చేయుమనుట పాపము కాదు. మత్తయి 21వ అధ్యాయములోని ద్రాక్షతోట ఉపమానములో యజమాని తన భాగము కొరకు దాసులను పంపెను, మరల పంపెను, తుదకు కుమారుని పంపెను. ఎంత ఓర్పు! అయినను ఓర్పునకు ఒక అంతమున్నది. ఆ తోట వేరు కాపులకు ఇయ్యబడునని ఉపమానము ముగియుచున్నది. ప్రభువు ఈ ఉపమానమును అద్దె తగవులు తీర్చుటకు చెప్పలేదని మేమెరుగుదుము. అయితే వినువారికి తెలిసిన లోకన్యాయమునే ఆయన తీసికొని చెప్పెను. తోట యజమానిదే అని ఎవరును కాదనలేదు.

కథకు తిరిగి వత్తము. మా మాటవలన ఆదరణ దొరకక ఆమె తన మరిదికొడుకుతో చెప్పుకొనెను. అతడు పడుచువాడు, పౌరుషముగలవాడు. "పెద్దమ్మా, నువ్వు ఊకో. నలుగురు దోస్తులను తీసుకపోయి, సామాను బయట పారేసి, నా తాళం ఏసొస్త" అనెను. ఆమె భయపడి మరల మాయొద్దకు వచ్చెను. ఈసారి మేము బోధింపక, మాకు తెలిసిన ఒక వకీలుగారియొద్దకు ఆమెను, ఆ పడుచువానిని తీసికొనిపోతిమి. ఆయన చెప్పిన సంగతులు ప్రతి సంఘస్థునికి తెలియవలసినవి గనుక ఇక్కడ వ్రాయుచున్నాము.

హైదరాబాదు రాష్ట్రమునకు ఇండ్ల అద్దె విషయమై 1954లోనే ఒక చట్టముండెను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత 1960లో రాష్ట్రమంతటికి ఒకే చట్టము వచ్చెను. తెలంగాణ ఏర్పడిన తరువాత అదియే తెలంగాణ చట్టముగా నిలిచెను. దీనినిబట్టి అద్దె కంట్రోలరు అను న్యాయాధికారి అనుమతి లేకుండ కిరాయిదారుని ఖాళీ చేయించుటకు వీలులేదు. ఒడంబడికలో చెప్పిన గడువు దాటి 15 దినములలోగా అద్దె చెల్లింపకపోయినను, గడువేమియు వ్రాసికొననియెడల ఆ నెల అద్దె మరుసటి నెల చివరి దినములోగా చెల్లింపకపోయినను, యజమాని కంట్రోలరుయొద్ద అర్జీ పెట్టుకొనవచ్చును. కిరాయిదారుడు ఎదురు వాదింపదలచినయెడల ముందు బాకీని కట్టి, వ్యాజ్యము నడుచునంతకాలము నెలనెల అద్దె కట్టుచు రావలెను. కంట్రోలరు తీర్పుమీద అప్పీలుకు 30 దినముల గడువున్నది.

అయితే ఈ చట్టము అన్ని ఇండ్లకును వర్తించదు. 2005లో చేసిన సవరణ ప్రకారము నగరపాలక సంస్థల హద్దులలో నెలకు 3,500 రూపాయలకు మించిన అద్దెగల ఇండ్లు దీని క్రిందికి రావు. వాటి సంగతి ఆస్తి బదిలీ చట్టము చూచుకొనును. నెలవారి అద్దె అయినయెడల 15 దినముల నోటీసు ఇచ్చి, ఆమీదట సివిలు కోర్టులో దావా వేయవలెను. నేడు ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతములలో ఎక్కువ ఇండ్లు, దుకాణములు ఈ రెండవ దారిలోనివే. మన సహోదరి ఇల్లు పాత అద్దెకే ఉండుటచేత మొదటి దారిలోనిది. ఏ దారి మీదో మీ వకీలును అడిగి తెలిసికొనుడి. గాని రెండు దారులును న్యాయస్థానము గుమ్మమునకే పోవును. తాళము పగులగొట్టు దారి వాటిలో లేదు.

ఇప్పుడు రెండవ సంగతి. ఇయ్యలేనివాడు వేరు, ఇయ్యనివాడు వేరు. వకీలుగారు చెప్పినదానిలో మమ్మును ఆశ్చర్యపరచినది ఇదియే. అద్దె తప్పినమాట నిజమైనను, అది బుద్ధిపూర్వకముగా తప్పినది కాదని కంట్రోలరునకు తోచినయెడల, చెల్లించుటకు 15 దినములకు మించకుండ మరియొక అవకాశము ఇచ్చుటకు ఆ చట్టములోనే చోటున్నది. బుద్ధిపూర్వకమనగా ఏమి అను ప్రశ్న 1985లో సుప్రీంకోర్టు వరకు వెళ్లెను. ఫలితము ఎరిగియుండి, తలచుకొని, కావలెనని చెల్లింపకుండుటయే బుద్ధిపూర్వకమని ఆ న్యాయస్థానము తేల్చెను. చూచితిరా! లోకపు చట్టముకూడ "ఎంత బాకీ?" అని అడిగి ఊరకుండక, "ఎందువలన?" అని కూడ అడుగుచున్నది. లోకము అడుగు ప్రశ్నను దేవుని ప్రజలు అడుగకుండిన ఎట్లు?

మత్తయి 18వ అధ్యాయములోని దాసుడు ఆ ప్రశ్న అడుగలేదు. తోటిదాసుడు అతనికి నూరు దేనారములు అచ్చియుండెను. దేనారము ఒక దినపు కూలి. గనుక అది నూరు దినముల కష్టార్జితము, చిన్న మొత్తము కాదు. ఆ బాకీ అబద్ధమని రాజు అనలేదు. అయితే ఆ దాసుడు మొదట చేసిన పని ఏమి? గొంతు పట్టుకొనుట. "కొంచెము ఓర్చుకొనుము, తీర్చెదను" అని అవతలివాడు వేడుకొన్నప్పుడు, అతడు నిజముగా తీర్చగలడా, ఎప్పటికి తీర్చగలడు అని విచారింపనైన విచారింపలేదు. తాను రాజునకు అచ్చియుండినది పదివేల తలాంతులు. తలాంతునకు ఆరువేల దేనారముల చొప్పున లెక్క కట్టినయెడల ఆరు కోట్ల దేనారములు. తనకు రావలసినదానికి ఆరు లక్షల రెట్లు. అంత బాకీ మాఫీ పొందిన చేయి ఇంకను తడి ఆరకముందే మరియొకని గొంతుమీదికి పోయెను. సహోదరులారా, మేము ఆమెతో ఈ ఉపమానమునే చెప్పి తప్పితిమి. ఆమె బాకీని గొంతునుండి వేరుచేయక రెండును విడువుమంటిమి. ప్రభువు దండించినది గొంతు పట్టిన చేతిని.

జనవరిలో ఒక దినమున మేము ముగ్గురము బస్సులో బయలుదేరి మెహదీపట్నములో దిగి నాంపల్లి చేరితిమి. ఆ పడుచువాడు వెంటరాక మానలేదు. నోరు మూసికొని ఉందునని మాట ఇచ్చెను. ఆ సందు మొదట చాయ్ హోటలు నడుపు ఒక వృద్ధుడు ఆమెను గుర్తుపట్టి కూర్చుండబెట్టి, దర్జీ సంగతి చెప్పెను. మార్చి నుండి సెప్టెంబరు వరకు ఆ ఇంటిలో పొయ్యి ఒక పూటయే వెలిగిన దినములున్నవట. దసరా ముందు నుండి మరల పని దొరికినదట. రాత్రి ప్రొద్దుపోవువరకు మిషను చప్పుడు వినబడుచున్నదట. "పని లేనప్పుడు ఇయ్యలేక దాక్కున్నడు. పని దొరికినంక సిగ్గుతోని దాక్కున్నడు. ఇగ అదే అలవాటైంది" అని ఆయన చెప్పిన మాట మేము మరువలేదు.

ఒక్క మనిషిలోనే ఇద్దరున్నారు. ఏడు నెలలు ఇయ్యలేనివాడు. మూడు నెలలు ఇయ్యనివాడు. మేము ఊరిలో కూర్చుండి ఒకరము "బీదవాడు" అంటిమి, ఒకరము "దొంగ" అంటిమి. ఇద్దరమును ఆ సందులో అడుగుపెట్టి అడుగకయే తీర్పుతీర్చితిమి.

ఇక మూడవ సంగతి, మన పాఠ్యభాగమునకు ప్రాణమైనది. గుమ్మము దాటరాదు. మేము వెళ్లునప్పటికి తలుపు తెరిచియుండెను. గుమ్మమునుండి చూడగా ఎదుట కుట్టుమిషను, దానిమీద సగము కుట్టిన షేర్వాణీ, ప్రక్కన నేలమీద చదువుకొనుచున్న ఒక చిన్నపిల్ల. దర్జీ మమ్మును చూచి లేచి నిలువబడెను గాని మాట రాలేదు. ఆ మౌనము చూచి పడుచువాడు మాట తప్పెను. "పైసలు లేవంటివి, మిషను మస్తుగ నడుస్తున్నది గదా! ఇది తీసుకపోత, అప్పుడు తెలుస్తది" అని గుమ్మములో ఒక కాలు పెట్టి మిషనుమీద చేయి వేసెను. పిల్ల ఏడ్వసాగెను.

మా నోట అప్పుడు వచ్చిన మాట మేము సిద్ధపరచుకొన్నది కాదు. "నాయనా, అది తిరుగలి" అంటిమి. అతనికి అర్థము కాలేదు. గాని ఆ వృద్ధురాలికి అర్థమాయెను. చిన్ననాటి నుండి వాక్యము విన్న మనిషి. ఆమె అతని భుజము పట్టుకొని వెనుకకు లాగి, తానును ఒక అడుగు వెనుకకు వేసి, సందులో నిలువబడి, "బిడ్డా, బయటికి రా, మాట్లాడుకుందం" అని ఆ దర్జీని పిలిచెను. అది ఆమె సొంత ఇల్లే. ఆ గుమ్మము ఆమె భర్త నిలిపినదే. అయినను ఆ దినము ఆ గుమ్మము వెనుక మరియొకని కాపురమున్నది గనుక ఆమె బయట నిలిచెను.

సహోదరులారా, కోపము వచ్చినప్పుడు మన ఊహకు తోచు దారులు కొన్ని ఉన్నవి. నీళ్లు ఆపుట, కరెంటు తీయించుట, అతడు పనికి పోయినప్పుడు తాళము మార్చుట, సామాను వీధిలో వేయుట, నలుగురిని పంపి బెదిరించుట. ఇవి న్యాయమునకు దగ్గరదారులని కొందరు తలంతురు. వీటిలో నీళ్లు, కరెంటువంటి సౌకర్యములు ఆపుటను 1960 చట్టమే నిషేధించుచున్నది. చట్టప్రకారము గాక బలవంతముగా ఖాళీ చేయింపబడినవాడు, 1963లో వచ్చిన నిర్దిష్ట ఉపశమన చట్టమునుబట్టి ఆరు నెలలలోగా దావా వేసి, ఇల్లు ఎవరిదను చర్చ లేకుండనే తిరిగి స్వాధీనము పొందవచ్చును. కొట్టుట, బెదిరించుట జరిగినయెడల అద్దె రావలసిన యజమానియే ముద్దాయియై నాంపల్లి క్రిమినల్ కోర్టు వరండాలో వాయిదాలకు తిరుగవలసి వచ్చును. పోలీసులచేత ఖాళీ చేయించుటయు దారి కాదు. ఇది సివిలు తగవు.

అయితే చట్టము భయము చేతనే గుమ్మము బయట నిలుచువాడు ఇంకను మోషేయొద్ద నేర్చుకొననివాడే. దేవుడు ఎందుకు గుమ్మము బయట నిలువుమనెను? బాకీపడినవానికి ధనము లేకపోయినను ముఖము ఉన్నది గనుక. భార్య బిడ్డల ఎదుట అతనికి మిగిలిన గౌరవము ఆ నాలుగు గోడల లోపల ఉన్నది. ఆ గౌరవమును బాకీ క్రింద జమకట్టుకొను హక్కు ఎవరికిని లేదు. తన ప్రజల స్త్రీలను వారికిష్టమైన ఇండ్లలోనుండి వెళ్లగొట్టువారిమీద మీకా ప్రవక్త నోట దేవుడు పలికిన కోపము మనమీదికి రాకుండును గాక.

ఆ దినము సందులో నిలువబడియే ఒప్పందము జరిగెను. చాయ్ హోటలు వృద్ధుడు సాక్షి. ఇయ్యగలిగియు ఇయ్యని మూడు నెలల 9,000 రూపాయలు జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలలో ఆ నెలల అద్దెతోకూడ తీర్చవలెను. ఇయ్యలేకపోయిన ఏడు నెలల 21,000 రూపాయలు ఏప్రిల్ నుండి నెలకు 1,000 చొప్పున తీర్చవలెను. ఇది తప్పినయెడల ఆమె కంట్రోలరుయొద్ద అర్జీ పెట్టును. అందుకు అతడు మనస్సులో కష్టము పెట్టుకొనరాదు. కాగితముమీద వ్రాసి ఇద్దరును చేవ్రాళ్లు చేసిరి. పుచ్చుకొన్న ప్రతి రూపాయికి రసీదు ఇయ్యవలెనని మేము పట్టుబట్టితిమి. రసీదు ఇచ్చుట చట్టము యజమానిమీద పెట్టిన విధికూడ. అతడు తల వంచుకొని, "అమ్మా, ఫోను ఎత్తకపోవుడు నా తప్పు" అనెను. ఆ మాట ఆమెకు 30,000లో కొంత భాగము తీరినట్లే ఉండెనని తరువాత చెప్పెను.

అంతా సుఖముగా ముగిసెనని చెప్పలేము. అతడు 9,000 చెప్పినట్లే తీర్చెను. ఏప్రిల్ వాయిదాయు ఇచ్చెను. 2021 మే నెలలో మరల లాక్‌డౌన్ వచ్చుటచేత రెండు నెలలు అద్దె మాత్రమే ఇచ్చి, వాయిదా ఇయ్యలేకపోయెను. ఆ తరువాత నాలుగు నెలలు ఇచ్చి, అక్టోబరు చివర తానే ఖాళీ చేసి తన ఊరికి వెళ్లిపోయెను. తాళపుచెవి ఊరివరకు తెచ్చి ఆమె చేతికిచ్చెను. ఇంకను 16,000 రూపాయలు నిలిచియుండెను.

ఆమె ఆ కాగితము తెచ్చి మా ఎదుట పెట్టి, క్రింద "చెల్లు" అని వ్రాయుమనెను. మేము సందేహించితిమి. "అమ్మా, నాడు మాఫీ చేయుమంటే కోపపడితివి గదా" అంటిమి. ఆమె చెప్పిన జవాబు మా పరిచర్యలో మేము విన్న ప్రసంగములలో శ్రేష్ఠమైనదని చెప్పుటకు సిగ్గుపడము: "అయ్యగారూ, నాడు మీరు ఇప్పిస్తుంటిరి. ఇయ్యాల నేనే ఇస్తున్న."

ఒనేసిము విషయమై ఫిలేమోనునకు వ్రాసినప్పుడు పౌలు ఈ భేదము ఎరిగియుండెను. అతడు నీకేమైన అచ్చియున్నయెడల అది నా లెక్కలో వేయుమనెను. ఫిలేమోను సంచిలోనుండి దానము చేయలేదు. తన సంచి తెరిచెను. మంచి కార్యము బలవంతముచేత గాక స్వేచ్ఛగా జరుగవలెనని అదే పత్రికలో వ్రాసెను. గనుక బోధకులకును సంఘపెద్దలకును ఒక మాట: కిరాయిదారుడు నిజముగా బీదవాడైనయెడల, విడువుమని యజమానిని తొందరపెట్టకముందు, సంఘపు బీదల నిధిలోనుండి ఒక నెల అద్దె ఇయ్యగలమేమో చూడుడి. ఇంకొక మాట: పట్టణములలో కొన్ని సంఘములకు అద్దెకిచ్చిన గదులు, దుకాణములు ఉన్నవి. సంఘమే యజమాని అయినప్పుడు దాని చేతిలో రసీదు పుస్తకము శుభ్రముగా ఉండవలెను. ఎవరి బంధువనియు, ఎవరి పగవాడనియు చూడకుండ ఒకే కొలత ఉండవలెను. లోకము మన ప్రసంగముకంటె మన అద్దె లెక్కను శ్రద్ధగా చదువును.

అద్దె రాని యజమాని చేయవలసినదేమి అని ఎవరైన మరల అడిగినయెడల మా జవాబు ఇది. మొదటి నెల తప్పినప్పుడే వెళ్లి అడుగుడి. పది నెలలు మౌనముగా కోపము కూర్చుకొనవద్దు. ఎందువలన తప్పెనో అడిగి తెలిసికొనుడి. ఇయ్యలేనివానికి గడువు వ్రాసి ఇయ్యుడి. ఇయ్యనివానికి నోటీసు ఇచ్చి, న్యాయస్థానమునకు వెళ్లుడి. అది క్రైస్తవునికి అవమానము కాదు, తన చేతికి తానే సంకెల వేసికొనుట. విడువదలచినయెడల మీదైనదానిని మీరే, సంతోషముతో విడువుడి. ఈ పనులన్నియు గుమ్మము బయట నిలువబడియే చేయుడి.

ఆబిడ్స్ అను పేరు ఎట్లు వచ్చెనో మీలో అనేకులెరుగుదురు. ఆరవ నిజాము కొలువులో నుండిన ఆబిద్ అను ఒకని దుకాణము అక్కడ ఉండెను. దుకాణము పోయినది, యజమాని పోయెను. పేరు మాత్రము నిలిచినది. నాంపల్లి స్టేషను ఎదుట రైలు దిగిన బాటసారుల కొరకు నిజాము కాలమున కట్టించిన సరాయి ఉన్నది. భూమి నాదే, మీరు నాయొద్ద కాపురమున్న పరదేశులు అను భావముతో దేవుడు లేవీయకాండము 25వ అధ్యాయములో తన ప్రజలతో చెప్పెను. పట్టా మన పేరనున్నను మనమును ఆయన ఇంటిలో కిరాయిదారులమే. ఎన్ని నెలలు బాకీపడితిమో ఆయన యెరుగును. ఆయన మన తలుపు పగులగొట్టలేదు. ప్రకటన గ్రంథములో ప్రభువు తన్నుగూర్చి చెప్పుకొన్న మాట జ్ఞాపకము చేసికొనుడి: ఆయన తలుపునొద్ద నిలుచుండి తట్టుచున్నాడు.

ప్రార్థన: ప్రభువా, మాకు రావలసినది అడుగునప్పుడు మా చేతులను కాపాడుము. మేము ఇయ్యవలసినది దాచుకొనకుండ మా మనస్సులను కాపాడుము. నిలువ నీడ లేనివారికి నీడ చూపుము. మా గుమ్మములయొద్ద ఓర్పుతో నిలిచియున్న నీకు మేము తలుపు తీయునట్లు కృప దయచేయుము. యేసుక్రీస్తు నామమున, ఆమేన్.